శరణార్థి బాలగృహాలలో పిల్లల రోజు ఎలా గడుస్తోందో ఒకసారి అడగండి: అధికారులకు బహిరంగ లేఖ

బాలల సంక్షేమ శాఖ అధికారులకు, శరణార్థుల దరఖాస్తులను పరిష్కరించే అధికారులకు, బాలగృహాల నిర్వాహక మండళ్ల సభ్యులకు,

నమస్కారాలు.

యుద్ధాల వల్లనో వేధింపుల వల్లనో సొంత దేశం విడిచి, తల్లిదండ్రుల తోడు లేకుండా వచ్చిన పిల్లలు ఉండే గృహాలలో పనిచేస్తున్న సంరక్షకులం, ఉపాధ్యాయులం, దుబాసీలం కలిసి ఈ లేఖ రాస్తున్నాము. ఇందులోని విషయాలను వినతిపత్రాల రూపంలో ఇదివరకే పై కార్యాలయాలకు పంపాము. అందినట్టు రసీదులు వచ్చాయి గాని సమాధానాలు రాలేదు. ఆ తరువాత తనిఖీకి వచ్చినవారు పడకలు లెక్కపెట్టారు, వంటగది చూశారు, రిజిస్టర్లలో సంతకాలు చేసి వెళ్లారు. పడకలూ వంటగదీ బాగానే ఉన్నాయి కాబట్టి నివేదికలు కూడా బాగానే వచ్చాయి. మేము చెప్పుకున్న బాధ వాటి గురించి కానే కాదు. అందుచేత అదే విషయాన్ని ఇప్పుడు అందరి ముందూ పెడుతున్నాము.

ఈ పిల్లల దినచర్యను ఎక్కువగా చెదరగొడుతున్నది వారి అల్లరి కాదు, మా సిబ్బంది అలసత్వం కూడా కాదు. పిల్లల రోజు ఎలా గడుస్తుందో చూడకుండా బయటినుంచి తీసుకునే నిర్ణయాలు. ఈ రాత్రి ఎక్కడ పడుకుంటామో తెలియకుండా నెలల తరబడి ప్రయాణం చేసి వచ్చిన పిల్లవాడికి, రేపు కూడా ఇదే మంచం, ఇదే బడి, ఉదయం లేపేది ఇదే మనిషి అన్న నమ్మకమే మొదటి వైద్యం. ఆ నమ్మకం కుదరడానికి చాలా కాలం పడుతుంది, చెడడానికి ఒక్క ఉత్తర్వు చాలు. ప్రపంచ జనాభాలో పిల్లలు 30 శాతం వరకు ఉంటే, బలవంతంగా ఇల్లు వదలవలసి వచ్చినవారిలో వారు 40 శాతం వరకు ఉన్నారని ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ చెబుతోంది. కాబట్టి ఇది ఏ ఒక్క గృహానికో పరిమితమైన ఫిర్యాదు అని పక్కన పెట్టవద్దని మనవి.

మేము అడుగుతున్నది దయాధర్మం కాదు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణం, కుటుంబం లేని పిల్లలకు ప్రత్యేక రక్షణ ఇవ్వాలని, వారి పెంపకంలో కొనసాగింపు ఉండాలని, వారి మతం, సంస్కృతి, భాషలను తగిన విధంగా పరిగణించాలని చెబుతోంది. 22వ అధికరణం శరణార్థి పిల్లల కుటుంబాలను వెతికి పట్టుకోవడంలో ప్రభుత్వాలు సహకరించాలని చెబుతోంది. ఒప్పుకున్న మాటలే ఇవి. అవి రోజువారీ జీవితంలో ఎక్కడ తప్పిపోతున్నాయో కింద వివరిస్తున్నాము.

1. రాత్రి. తనిఖీలన్నీ పగటిపూట జరుగుతాయి. పిల్లల కష్టం ఎక్కువగా బయటపడేది రాత్రి. కొత్తగా వచ్చినవారిలో కొందరు చెప్పులు విప్పకుండా పడుకుంటారు, సంచీని తలకింద పెట్టుకుంటారు, భోజనంలో మిగిల్చుకున్నదాన్ని దిండు కింద దాచుకుంటారు. పన్నెండేళ్లు దాటినవారు కూడా పక్క తడుపుతారు. తెల్లవారకముందే లేచి ఎవరూ చూడకుండా దుప్పటి ఉతుక్కోవాలని చూస్తారు. పీడకల వచ్చి ఒకరు కేక పెడితే గదిలో అందరూ లేస్తారు, మరునాడు ఆ గది మొత్తం తరగతిలో కునికిపాట్లు పడుతుంది, బడి నివేదికలో అది శ్రద్ధ లేకపోవడంగా నమోదవుతుంది. భయంలో బతికిన పిల్లలలో ఇవన్నీ సహజంగా కనిపించేవే. భద్రత నిలకడగా దొరికితే చాలామందిలో క్రమంగా తగ్గేవే. అటువంటి పిల్లల ముఖం మీద టార్చి వేసి రాత్రి హాజరు తీసుకోవాలన్న నిబంధన, ముందుగా చెప్పకుండా అగ్నిప్రమాద గంట మోగించి పరీక్షించాలన్న నిబంధన ఎవరు, ఏమి ఆలోచించి రాశారో మాకు అర్థం కాదు. బాంబు దాడుల హెచ్చరికలు వింటూ పెరిగిన పిల్లలు ఆ గంటకు మంచాల కింద దూరుతారు.

హాజరు వద్దని మేము అనడం లేదు. పిల్లలు కనబడకుండా పోవడం, అక్రమ రవాణా చేసేవారి చేతుల్లో పడటం నిజమైన ప్రమాదాలు. గుమ్మం దగ్గర సన్నని దీపం, పిల్లలకు పేరు తెలిసిన మనిషి ఉంటే అదే లెక్క ఎవరినీ లేపకుండా పూర్తవుతుంది. అయితే ఖర్చు తగ్గించుకోవలసి వచ్చిన ప్రతిసారీ మొదట కోత పడేది రాత్రి విధుల మీదే. పగలు వంటవారు, ఉపాధ్యాయులు, గుమాస్తాలు, సందర్శకులు అందరూ ఉంటారు; పిల్లలకు మనిషి అవసరమైన వేళకు ఒక్క వార్డెన్ మిగులుతారు. ఒక గదిలో ఏడుస్తున్న పిల్లవాడి దగ్గర కూర్చుంటే మరో గది సంగతి చూసే దిక్కు ఉండదు.

2. మారిపోయే మనుషులు. సంరక్షకులను తక్కువ కాలపు ఒప్పందాల మీద తీసుకోవడం, పిల్లలకు పేర్లు అలవాటయ్యే సమయానికి ఒప్పందం ముగియడం చాలా గృహాలలో మామూలైపోయింది. తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లవాడు మళ్లీ మళ్లీ మనుషులను పోగొట్టుకుంటున్నాడు, అంతే తేడా. కొంతకాలానికి కొత్తవారి పేరు అడగడం కూడా మానేస్తాడు. దాన్ని చూసి పిల్లవాడు సర్దుకున్నాడని దస్త్రంలో రాసేవారున్నారు.

ఈ విషయం కొత్తగా కనిపెట్టినది కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో లండన్‌లోని హాంప్‌స్టెడ్‌లో పిల్లల మనోవిశ్లేషకులు ఆనా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హామ్ నడిపిన శిశుగృహాలలో పిల్లలను చిన్న చిన్న బృందాలుగా విడదీసి, ఒక్కో బృందాన్ని ఒక్కో సంరక్షకురాలికి అప్పగించారు. మొదట ఏడుపులు, అసూయలు పెరిగాయి. ఆ తరువాత పిల్లల మాటలోనూ అలవాట్లలోనూ స్పష్టమైన మెరుగుదల కనిపించింది. 1960 మే నెలలో రోడ్డు పనుల శిబిరాల నుంచి 51 మంది టిబెట్ పిల్లలు ధర్మశాలకు చేరినప్పుడు మొదలైన శిశు సంరక్షణ కేంద్రం కూడా క్రమంగా ఒక్కో ఇంటికి ఒక గృహమాత ఉండే బాలల గ్రామంగా మారింది. రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 136 మంది చిన్నపిల్లలతో జరిగిన అధ్యయనంలో, అనాథ సంరక్షణ సంస్థలలో ఉండిపోయినవారికన్నా పెంపుడు కుటుంబాలకు వెళ్లినవారి మేధావికాసం మెరుగ్గా ఉందని తేలింది. అందుకే ఈ లేఖను ఇంకా పెద్ద గృహాలు కట్టమనే విజ్ఞప్తిగా దయచేసి చదవవద్దు. బాగా చిన్నపిల్లలకు కుటుంబమే తగిన చోటు. కుటుంబం దొరకని పిల్లలకైనా తనవాళ్లనుకోదగ్గ ఒక మనిషి ఉండాలి. ప్రత్యామ్నాయ సంరక్షణపై 2009లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ ఆమోదించిన మార్గదర్శకాలు కూడా సంరక్షకుల సంఖ్య గురించి చెబుతూ ఇదే కోరాయి.

3. తోబుట్టువులు. పదమూడేళ్ల అక్క ఒక గృహంలో, ఆరేళ్ల తమ్ముడు మరో గృహంలో ఉండటానికి కారణం వయసుల వారీ, ఆడ మగ వారీ విభజన. దారి పొడవునా ఆ పిల్లవాడికి తినిపించింది, నిద్రపుచ్చింది ఆ అక్కే. తోబుట్టువులను విడదీయరాదని పైన చెప్పిన మార్గదర్శకాలతో పాటు, బాలల హక్కుల ఒడంబడిక అమలును చూసే ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2005లో ఇచ్చిన ఆరవ సాధారణ వ్యాఖ్య కూడా చెబుతోంది. అక్కకు ఆ బరువు దించి ఆమెను కూడా పిల్లగా ఉండనివ్వడం మంచిదే, కాని అది ఇద్దరినీ ఒకే చోట ఉంచి చేయవలసిన పని.

4. ఫోను. కుటుంబంతో మాట్లాడే వేళలను కార్యాలయ వేళలను బట్టి నిర్ణయిస్తున్నారు. అటువైపు తల్లికి సిగ్నలు దొరికే సమయం, ఇటువైపు ఫోను ఉన్న గదికి తాళం వేసే సమయం ఒకటే అవుతుంది. వేరే దేశాల మధ్య గడియారాలు ఒకలా నడవవని గుర్తుచేయవలసి రావడం మాకే ఇబ్బందిగా ఉంది. 1938 డిసెంబరు నుంచి 1939 సెప్టెంబరు వరకు సుమారు 10,000 మంది పిల్లలను, వారిలో ఎక్కువమంది యూదులను, నాజీల పాలనలోని దేశాల నుంచి బ్రిటన్‌కు తరలించారు. యుద్ధం మొదలయ్యాక వారిలో చాలామందికి తల్లిదండ్రులతో మిగిలిన సంబంధం 25 మాటలకు మించని రెడ్‌క్రాస్ సందేశాలే. ఎంతోమంది మళ్లీ తల్లిదండ్రులను చూడలేదు. ఆనాడు యుద్ధం అడ్డుపడింది. నేడు మన గృహాలలో అడ్డుపడుతున్నది తాళంచెవి.

అంతకన్నా అభ్యంతరకరమైనది, తప్పు చేసిన పిల్లవాడికి శిక్షగా ఫోను ఆపేయడం. కుటుంబంతో సంబంధాన్ని తగ్గించడం ఎన్నడూ శిక్షగా వాడరాదని 2009 మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. అయినా అనేక గృహాల నియమావళిలో అది ఇంకా ఉంది.

ఫోను దొరికిన ప్రతిసారీ సంతోషమే కలుగుతుందని కూడా మేము చెప్పము. మాట్లాడిన పూట అన్నం ముట్టని పిల్లలున్నారు. దారి చూపినవారికి కుటుంబం పడిన అప్పు ఎప్పుడు తీరుస్తావని అడిగే ఫోన్లు వస్తాయి; పదహారేళ్ల పిల్లవాడు మరునాటి నుంచి బడి మాని కూలి పని వెతకడం మొదలుపెడతాడు. ఎన్నిసార్లు చేసినా ఎత్తని నంబర్లు ఉంటాయి. ఆ ఫోను తరువాతి గంటలో పిల్లవాడి పక్కన కూర్చోవడానికి మనిషి కావాలి, ఆచూకీ లేనివారి కోసం రెడ్‌క్రాస్ కుటుంబ అన్వేషణ సేవకు దరఖాస్తు నింపిపెట్టేవారు కావాలి. ఈ పని ఎవరిదో ఏ ఉద్యోగ వివరణలోనూ లేదు.

5. బడి, భాష. 1951 శరణార్థుల ఒడంబడిక 22వ అధికరణం ప్రకారం ప్రాథమిక విద్యలో శరణార్థులను స్వదేశీయులతో సమానంగా చూడాలి. ఆచరణలో విద్యాసంవత్సరం మధ్యలో వచ్చిన పిల్లలు పత్రాల కోసం, ఖాళీల కోసం, వయసు నిర్ధారణ కోసం నెలల తరబడి ఎదురుచూస్తున్నారు. బడి లేని రోజు గృహంలో చాలా పొడవుగా ఉంటుంది. గొడవలలో ఎక్కువ భాగం ఆ పొడవాటి మధ్యాహ్నాలలోనే పుడతాయన్నది మా అందరి అనుభవం. చేరిన తరువాత కూడా వయసును బట్టి తరగతిలో కూర్చోబెడతారు గాని, మధ్యలో ఎన్నేళ్ల చదువు పోయిందో అడగరు.

చిన్నపిల్లలు కొత్త భాషను త్వరగా పట్టుకుంటారు. అంతే త్వరగా అమ్మ భాషను వదిలేస్తారు కూడా, ఆ తరువాత తల్లి ఫోనులో దొరికినా మాట్లాడుకోలేరు. 1942లో సోవియట్ యూనియన్ నుంచి బయటపడిన పోలండ్ పిల్లలకు నవానగర్ మహారాజు దిగ్విజయ్‌సింహ్‌జీ జామ్‌నగర్ దగ్గరి బాలాచడిలో నీడ కల్పించినప్పుడు, పోలండ్ ఉపాధ్యాయులు, పోలిష్ చదువు కూడా ఆ గృహంలో ఉన్నాయి. యుద్ధం మధ్యలో సాధ్యపడినది ఇప్పుడు వారానికి కొన్ని గంటలపాటైనా సాధ్యపడదా?

దుబాసీ రాని రోజున పెద్ద పిల్లలచేత అనువాదం చేయించడం మరో దురలవాటు. తోటి పిల్లపై జరిగిన అత్యాచారాన్ని వైద్యుడికి చెప్పే పని పద్నాలుగేళ్ల అమ్మాయికి అప్పగించడం ఏ విధంగా సమంజసం? చెప్పేవారి రహస్యం నిలవదు, అనువదించేవారి నిద్ర పోతుంది.

6. ఉత్తరాలు, బదిలీలు. శరణు కోరుతూ పిల్లలు చేసుకున్న అభ్యర్థనను తిరస్కరించినట్టు తెలిపే ఉత్తరాలు వారాంతపు సెలవుకు ముందు సాయంత్రం గృహానికి చేరుతున్నాయి. న్యాయవాది ఫోను ఎత్తరు, చట్టబద్ధ సంరక్షకుడు అందుబాటులో ఉండరు, మానసిక వైద్య సలహాదారు సెలవులో ఉంటారు. మూడు రాత్రులు, రెండు పగళ్లు ఆ కాగితం పట్టుకొని పిల్లవాడు, అతన్ని చూసి తమ ఉత్తరం ఎప్పుడు వస్తుందోనని మిగతావారు గడుపుతారు. ఆత్మహత్యాయత్నాల భయంతో మేము వంతులవారీగా మేలుకుని ఉండేది ఇటువంటి వారాంతాలలోనే. ఉత్తరం వారం మొదట్లో పంపడానికి అదనంగా అయ్యే ఖర్చేమీ లేదు.

బదిలీల సంగతి ఇంకా కష్టం. ఖాళీల సర్దుబాటు పేరిట సాయంత్రం కబురు వస్తుంది, ఉదయానికి పిల్లవాడిని తయారుచేయాలి. అతని బడి, స్నేహితులు, కుట్టు మిషను దగ్గర నేర్చుకుంటున్న పని, పళ్ల వైద్యుడి దగ్గర సగంలో ఉన్న చికిత్స అన్నీ అక్కడే ఆగిపోతాయి. దస్త్రం వెనుక ఎప్పుడో చేరుతుంది, అందువల్ల వేసిన టీకాలే మళ్లీ వేస్తారు, చెప్పిన కథే మళ్లీ చెప్పమంటారు. నివాసం మార్చడం పిల్లల మేలు కోసమైతేనే జరగాలని 2005 నాటి వ్యాఖ్య చెబుతోంది. పడకల సర్దుబాటు కోసం మార్చవచ్చని అందులో ఎక్కడా లేదు.

7. ఫోటోలు. దాతలు, ప్రముఖులు వచ్చినప్పుడు పిల్లలను వరుసలో నిలబెట్టి తీసే ఫోటోలు పత్రికలకూ సామాజిక మాధ్యమాలకూ వెళుతున్నాయి. ఆ ముఖాన్ని గుర్తుపట్టి, స్వదేశంలో మిగిలిన కుటుంబాన్ని వేధించేవారు ఉండవచ్చు. ఇక చెప్పేదేమీ లేదు, ఆపండి.

8. పద్దెనిమిదో పుట్టినరోజు. పత్రాలు లేని పిల్లలకు జనవరి 1వ తేదీనే పుట్టినరోజుగా రాసే అలవాటు అనేక దేశాల కార్యాలయాలలో ఉంది. ఆ లెక్కన గృహంలో చాలామందికి ఒకే రోజున వయసు పెరుగుతుంది, పెద్దవాళ్లలో కొందరు ఒకే రోజున గృహానికి అనర్హులవుతారు. నిన్నటిదాకా దీపాలార్పే వేళ చెప్పి నిద్రపుచ్చినవారిని మరునాడు పెద్దల శిబిరానికి పంపుతున్నాము. బడి సంవత్సరం మధ్యలో ఉంటుంది, కేసు ఇంకా తేలి ఉండదు. వయసుపై సందేహం మిగిలినప్పుడు పిల్లవాడిగానే పరిగణించాలన్న సూత్రం ఉన్నా, ఎముకల ఎక్స్‌రేనే చివరి మాటగా తీసుకుంటున్నారు. అది ఖచ్చితమైన వయసు చెప్పగల పరీక్ష కాదు.

వీటికి నిధులు లేవన్న సమాధానం వస్తుందని మాకు తెలుసు. రాత్రి సిబ్బందికి, దుబాసీలకు, నిలకడైన ఉద్యోగాలకు డబ్బు కావాలి, ఆ మాట దాచము. టార్చి, తాళంచెవి, ఉత్తరం పంపే వారం, ఫోటోలు, తోబుట్టువుల పడకల కేటాయింపు, వీటికి కావలసింది ఒక్క సంతకం. ఖర్చు లేనివి కూడా ఇంతకాలం జరగలేదు కాబట్టి, నిధుల కొరత ఒక్కటే కారణమని నమ్మడం మాకు కష్టంగా ఉంది.

మేము కోరుతున్నవి ఇవి:

1. కుటుంబంతో మాట్లాడటాన్ని శిక్షగా ఆపే నియమాలన్నిటినీ వెంటనే రద్దుచేస్తూ లిఖిత ఉత్తర్వు ఇవ్వాలి. పిల్లల కుటుంబాలున్న ప్రాంతపు వేళలను బట్టి ఫోను సమయాలను ప్రతి గృహమూ నిర్ణయించుకునే అధికారం ఇవ్వాలి.

2. తిరస్కరణ నిర్ణయాలను పిల్లల చేతికి నేరుగా పంపకూడదు. వారం మొదటి రోజులలో, న్యాయవాదికీ చట్టబద్ధ సంరక్షకుడికీ ముందుగా తెలియజేసి, దుబాసీ సమక్షంలో వివరించాలి.

3. పిల్లవాడి అభిప్రాయం విని, కారణాలు కాగితం మీద రాసి, కొత్త గృహాన్ని ముందుగా చూపించి, దస్త్రాన్ని అతనితో పాటే పంపగలిగితేనే బదిలీ జరగాలి. ప్రాణభయం వంటి అత్యవసరాలలో మాత్రమే దీనికి మినహాయింపు ఉండాలి.

4. రాత్రి విధులలో ప్రతి గృహానికీ కనీసం ఇద్దరుండాలి, వారిలో ఒకరైనా పిల్లలకు బాగా తెలిసినవారై ఉండాలి. ప్రతి పిల్లకూ ఒక సంరక్షకుని పేరు కేటాయించాలి, ఆ సంరక్షకుల ఒప్పందాలు కనీసం విద్యాసంవత్సరం పొడవునా కొనసాగాలి.

5. తోబుట్టువులను కలిపి ఉంచాలి. ఇప్పటికే విడదీసినవారి జాబితా తయారుచేసి తిరిగి కలపడం మొదలుపెట్టాలి.

6. పత్రాలు రాకపోయినా బడిలో చేర్చుకోవాలి. పిల్లలచేత అనువాదం చేయించడాన్ని నిషేధించాలి, కనీసం ఫోనులోనైనా దుబాసీ దొరికే ఏర్పాటు ఉండాలి.

7. పద్దెనిమిదేళ్లు నిండినవారిని కనీసం ఆ విద్యాసంవత్సరం ముగిసేవరకు గృహంలో ఉండనివ్వాలి.

8. తనిఖీ పత్రంలో పడకల సంఖ్యతో పాటు ఈ ప్రశ్నలు చేర్చాలి: గత ఆరు నెలల్లో ఈ పిల్లవాడికి ఎంతమంది సంరక్షకులు మారారు? ఎన్ని గృహాలు మారాడు? కుటుంబంతో చివరిసారి ఎప్పుడు మాట్లాడాడు? బడికి ఎన్ని రోజులు వెళ్లాడు? ఈ ప్రశ్నలకు సమాధానం వార్డెన్‌ను మాత్రమే కాక పిల్లలను కూడా వారి భాషలో అడగాలి. బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం వారికి ఇచ్చిన హక్కు అది.

ఈ కోరికలలో దేన్ని అంగీకరిస్తున్నారో, దేన్ని నిరాకరిస్తున్నారో, నిరాకరణకు కారణమేమిటో విడివిడిగా లిఖితపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాము. పరిశీలనలో ఉందన్న ఒక్క వాక్యాన్ని ఇకపై సమాధానంగా తీసుకోలేము. ఒక నెలలోగా బదులు రాకపోతే ఈ లేఖను, దానితో పాటు మా పాత వినతిపత్రాల రసీదులను బాలల హక్కుల కమిషన్ ముందు ఫిర్యాదుగా దాఖలు చేస్తాము.

ఇట్లు,
శరణార్థి బాలగృహాల సంరక్షకులు, ఉపాధ్యాయులు, దుబాసీలు